పదకొండో అంశం

తిర్యాణి దాటినంక రోడ్డు
ఆరు కిలోమీటర్లకే అలసిపోయి కూలవడ్తది.
అక్కడ బండి నిలిపి, చెప్పులు చేతవట్టుకొని
వాగు దాటితే నా ఆఫీసు:
ఇప్పచెట్టు కింద ఒక నులకమంచం,
సంచిలో మినిట్స్ బుక్కు,
ఎండిన ఇంకుప్యాడు మీద నాలుగు నీటిచుక్కలు.

నేను పరకాల దాన్ని.
మూడంచెల పంచాయతీ వ్యవస్థ మీద
ఎనిమిది మార్కుల జవాబు రాసి నౌకరి తెచ్చుకున్న.
మర్కగూడకు వచ్చినంకనే తెలిసింది,
నాలుగో అంచె ఒకటున్నదని,
అది నేలమీద గొంతుక్కూర్చుంటదని.

ఆ రోజు ఎజెండాల పదకొండు అంశాలు.
పది మండలం నుంచి దిగినయి,
చదివిన, తలలూపిండ్రు, అయిపోయినయి.
పదకొండోది:
గూడేనికి ఒక్క సోలార్ దీపం మంజూరైంది, ఏడ పాతాలె?

"చేతులెత్తుండ్రి" అన్న.
ఎవ్వలెత్తలే.
సిడాం సోమ్‌జీ పటేల్ బీడీ ఆర్పి చెవి మీద వెట్టుకున్నడు.
"చెయ్యెత్తితే ఒకడు గెలుస్తడు మేడం.
ఓడినోని ఎడ్లు రేపు ఎవ్వలి చేన్ల దున్నాలె?"

ఇగ మాట తిరిగింది,
గటకకుండ తిరిగినట్టు, ఒక్కొక్కల ముందట ఆగుకుంట.
బోరింగు కాడ అన్నది ఒకామె.
బడి కాడ అన్నడు దేవారి,
వారానికి రెండురోజులొచ్చే సారుకైనా తొవ్వ కనవడ్తదని.
కోవ నాగోరావు తన ఇంటి ముందే పెట్టమన్నడు,
ఫోన్ చార్జింగు పెట్టుకుంటడట.
అందరూ నవ్విండ్రు. వాడూ నవ్విండు.

పొద్దు గుట్ట మీదికి ఒరిగింది.
సంతకాల కాలం ఖాళీ,
నా కాలం మాత్రం నిండుతున్నది,
చీకటైతే వాగు దాటుడెట్ల అని నేను గడియారం చూస్తున్న.
అప్పటిదాక నోరు విప్పని మడావి లేతుబాయి
ఒడిలోని పొల్లగాని ముక్కు తుడిచి అన్నది:
"గుట్టెనక కొలాం ఇండ్లు అయిదున్నయి గదా.
మన విత్తనాలు పొలిమేర తల్లికి చూపేది వాళ్ళే.
చీకట్ల ఏం చూపుతరు?"

పటేల్ మళ్ళ మొదటికెళ్ళి అడుగుకుంట వచ్చిండు,
పేరు పేరునా.
ఊఁ.
ఊఁ.
నాగోరావు జరసేపు మట్టిల గీతలు గీసి,
ఊఁ.
ఆ శబ్దానికి నా బుక్కుల గడి లేదు.

"అవి మన వార్డుల లేవు" అన్న నేను.
"మన పంచాయతీలనే లేవు. ఆడిట్‌ల పట్టుకుంటరు.
గీత దాటినట్టయితది."
"గీత ఏడున్నదో చూపెట్టు" అన్నడు ముసలాయన,
వెటకారం కాదు, నిజంగనే చూడాలని.
ఫోన్‌ల మ్యాపు తెరిచిన.
సిగ్నల్ లేక
బూడిదరంగు గళ్ళు గళ్ళు వచ్చినయి.
అందరూ వంగి చూసిండ్రు. నేను గూడ.

రాసిన.
నీలం ఇంకుతోని, కొట్టివేతలు లేకుంట.

నలుగురు మొగోళ్ళు స్తంభాన్ని వెదురుకర్రలకు కట్టి
వానల గుట్టెక్కించిండ్రట.
నేను చూడలే. మరునాడు ఫోటో కోసం పోతే
కొలాం ముసల్ది ఒకామె దాని కింద
చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది, పట్టపగలు.

నెలకు మెమో వచ్చింది:
అక్షాంశ రేఖాంశాలు సరిపోవుట లేదు,
బుధవారం లోపల సంజాయిషీ ఇయ్యవలెను.

చెప్పులు చేతవట్టుకొని మళ్ళ వాగు దాటిన.
పైకి చదివి వినిపిచ్చిన.
పటేల్ ఇంకోపారి చదవమన్నడు.
"దీన్ని ఒక్కదానివే ఎందుకు మోస్తున్నవు?
తీర్మానం అందరిదైతే జవాబూ అందరిదే."
మంచాన్ని నా దిక్కు జరిపి
కూర్చున్న తలలు లెక్కవెట్టిండు.
ఒకటి తక్కువ.

"లేతుబాయి తల్లిగారింటికి పోయింది" అన్నడు.
"బేస్తారం వస్తది."

బుక్కు తెరిచి తారీఖు వేసిన.
కింద జాగా వదిలిపెట్టిన.